రెండు రంగుల పిల్లి

ఒకప్పుడు పిల్లులకు ఆడకూన దక్కడమే గగనంగా ఉండేది. మగకూనలు చక్కగా పుట్టేవి. ఆడకూనలు తల్లి కడుపులోనే వాడిపోయేవి. ఎక్కడో ఒకటి బతికేది.

కాటుక అనే నల్లపిల్లికి కాన్పు కాన్పుకీ ఇదే కడుపుకోత. మగకూనలకు పాలిస్తూనే, పోయిన ఆడకూన కోసం ఏడ్చేది.

ఆమె కడుపులో మళ్లీ ఒక ఆడకూన పడింది. ఇంకా ఆవగింజంత కూడా లేదు. కంటికి కనబడని కొన్ని గదులు, అంతే. వాటినే కణాలంటారు. నవ్వకండి, మీరూ అలాంటి గదులతో కట్టినవాళ్లే.

గదిలో ఏ పని జరగాలో చెప్పేది అందులో ఉండే పొడవాటి దారాలు. ఆడకూన గదుల్లో, ప్రతిదానిలోనూ, నల్లమ్మ, జేగురమ్మ అని రెండు దారాలుండేవి. నల్లమ్మ తల్లిపిల్లి నుంచి వచ్చింది, జేగురమ్మ ఎర్రమట్టి రంగు తండ్రిపిల్లి నుంచి. వదినా అంటే వదినా అనుకుంటూ ఒకే కంచంలో తిన్నంత స్నేహంగా ఉండేవారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. నల్లమ్మ ఏ పని చెప్పినా జేగురమ్మ కూడా అదే చెప్పేది. మగకూన గదిలో ఇలాంటి దారం ఒక్కటే. ఇక్కడ ఇద్దరి మాటతో ప్రతి పనీ రెండింతలయ్యేది. గదులు అలసి సొలసి ఆరిపోయేవి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. పాపం, వీళ్లు కత్తులు కూడా కాదు.

బయట కాటుక మూలుగుతోంది. "ఇదొక్కటైనా నాకు దక్కితే చాలు" అంటోంది. ఆ మాట దారాలు విన్నాయి.

ఒకరు ఊరుకోవాలని ఇద్దరికీ తెలిసింది. నేనంటే నేనని ఇద్దరూ పట్టుబట్టారు. చివరికి కొన్ని గదుల్లో, రెండోవాళ్లు మాట్లాడతారులే అనుకుని, ఇద్దరూ ఒకేసారి నోరు మూసుకున్నారు. ఆ గదులు చచ్చిపోయాయి.

మిగిలిన గదుల్లో ఇద్దరూ ఏడ్చారు. గదికి ఒకరం ముడుచుకుందాం అనుకున్నారు.

ఒక గదిలో జేగురమ్మ తన మీద తానే ముసుగు నేసి కప్పుకుంది. దారం వదులుగా ఉంటేనే మాట బయటికొస్తుంది. అందుకని గదిలో ఉన్న చిన్న చిన్న కండెల మీద, నూలు చుట్టినట్టు, తనను తాను బిగించి చుట్టుకోసాగింది.

"మళ్లీ ఎప్పుడు విప్పుకుంటావు వదినా?" అని అడిగింది నల్లమ్మ.

"ఈ గదిలో ఇక లేదు వదినా. పిల్ల జాగ్రత్త" అంది జేగురమ్మ.

పక్క గదిలో నల్లమ్మ ముడుచుకుంది.

కూన బతికింది. నల్లమ్మ పలికిన చోట నలుపు, జేగురమ్మ పలికిన చోట జేగురు, ఒళ్లంతా మచ్చలు. కాటుక దాన్ని నాకుతూ ఆనందంతో ఏడ్చింది. ఎవరు ఊరుకుంటే బిడ్డ దక్కిందో ఆ తల్లికి తెలియదు.

అప్పటినుంచే, ఇలా రెండు రంగులూ అందిన ఆడపిల్లుల ఒంటిమీద నలుపూ జేగురూ కలిసి కనబడతాయి. నల్లమచ్చలో జేగురమ్మ, జేగురుమచ్చలో నల్లమ్మ గది అంచున చిన్న ఉండలా ముడుచుకుని ఉంటారు. ఆ గది పెరిగి, చీలి రెండైనా, వెయ్యైనా, ప్రతిదానిలోనూ ముడుచుకున్న దారం ముడుచుకునే ఉంటుంది. పక్కనే వదిన ఉన్నా పలకదు.