నతానియేలు పెడల్

అన్న నతానియేలు పోయిన నాటి నుంచి సైలస్ గిటారు ముట్టలేదు. అన్న పెడల్‌ను మాత్రం తువాలులో చుట్టి దాచాడు. కాలితో నొక్కితే గిటారు స్వరాన్ని బొంగురుగా చీల్చే పాత ఇనుప డబ్బా అది. లోపల అన్న వేసిన బ్యాటరీయే ఉంది. అది అయిపోవస్తున్నందువల్లే ఆ స్వరానికి ఆ జీర. కొత్తది వేస్తే గొంతు మారిపోతుంది.

ఒక మధ్యాహ్నం దానిని పట్టుకొని, తమ ఇద్దరికీ గిటారు నేర్పిన విన్సెంట్ మాస్టారి ఇంటికి లాలాగూడ వెళ్ళాడు.

"మందసమేమిట్రా, అట్లా మోసుకొస్తున్నావు?" అన్నారు మాస్టారు.

"అన్న గొంతు ఇందులోనే ఉంది సార్. వాయిస్తే బ్యాటరీ అయిపోతుంది. అయిపోకుండా ఏదైనా దారి చెప్పండి."

"వాడి రికార్డులున్నాయిగా?"

"అవి అయిపోయినవి సార్. ఇది ఇంకా ఉంది."

మాస్టారు స్క్రూలు విప్పి వెనుక రేకు తీశారు. బ్యాటరీ అంచున తెల్లని పొక్కులు లేచాయి. కారిన రసం పక్క వైరును తినేస్తోంది. వేలితో చూపించారు. రేకు బిగించి, తన గిటారుకు పెడల్, పెడల్‌కు స్పీకరు తగిలించి, సైలస్ ఒడిలో పెట్టారు.

"వాయించు."

"పోతుంది సార్!"

"పోతుంది."

సైలస్ మీటాడు. అన్న గొంతే. గది నిండిపోయింది. ఏడుస్తూనే వాయించాడు.

కిటికీలో ఎండ మళ్ళేసరికి స్వరం పలచబడింది. మీటినప్పుడల్లా ఒక గురక, ఒక విరామం, మళ్ళీ గురక.

ఆ చప్పుడు అతడికి తెలుసు. ఆసుపత్రిలో అన్న మంచం పక్కన విన్నదే. అది భరించలేకే, టీ తాగి వస్తానని చెప్పి ఆనాడు మెట్లు దిగిపోయాడు. తిరిగి వచ్చేసరికి నర్సు దుప్పటిని ముఖం మీదికి లాగుతోంది. మంచానికి అవతలి పక్కన, అన్న చేయి పట్టుకొని, మాస్టారు ఒక్కరే ఉన్నారు.

సైలస్ చేయి ఆగింది. గిటారు పక్కన పెట్టి లేవబోయాడు.

మాస్టారు అతని భుజం మీద చేయి వేశారు.

"టీ తర్వాత తాగుదువు గానీ. కూర్చో."

అతడు కూర్చున్నాడు. మళ్ళీ మీటాడు. గురక సన్నబడింది, ఆగింది, ఇంకొక్కసారి వచ్చింది. ఆ తర్వాత ఎంత మీటినా తీగ కదిలిన చప్పుడే.

సైలస్ వంగి, డబ్బా మీద అరచేయి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత వైరు తానే ఊడదీశాడు.