కారు వెనక నడపావడ

రంగవరం జమీందారుగారి పాత రేసు కారుకి పట్నం ఇంజనీరు విరూపాక్షరావు పెట్రోలు ఎక్కువ తాగే పెద్ద కార్బురేటర్ బిగించాడు. కారు వీధి అదిరేలా పరుగెత్తింది. ఆ రోజు నుంచే కోటలో ఆరేసిన బట్టల మీద మసి పడసాగింది.

"కారుది కాదండీ. చాకలి గుంపస్వామి రేవులో బట్టలు ఉడకేస్తాడే, ఆ పొయ్యి పొగ" అన్నాడు ఇంజనీరు.

"ఇంకొక్క మరక కనిపిస్తే ఊరు విడిచిపో" అని గుంపస్వామికి చెప్పేశారు జమీందారు.

మర్నాడు దసరా ఊరేగింపు. దొర బయల్దేరితే ముందు దారిలో తెల్లని నడపావడ బట్ట పరచడం గుంపస్వామి పని. అతను దాన్ని కారు వెనక పరిచాడు.

"ముందు పరిచేది వెనక పరిచావేంరా?" జమీందారు కళ్లెర్రజేశారు.

"ఇవాళ నా పొయ్యి వెలిగించలేదు దొరా. ఒక్కసారి బండి తియ్యండి."

జమీందారు యాక్సిలరేటర్ తొక్కారు. నడపావడ నల్లబడింది.

"అదంతా పాత మసి. ఇక వచ్చేది శుద్ధమైన పొగే" అని సర్దబోయాడు ఇంజనీరు.

"అయితే ఈసారి ఇంజనీరు బాబుగారి పట్టు కండువా పరుద్దాం" అన్నాడు గుంపస్వామి.

విరూపాక్షరావు కండువాని రెండు చేతులా గుండెకి హత్తుకున్నాడు.

జమీందారు దిగి నడపావడ వాసన చూశారు. గుప్పుమని పెట్రోలు వాసన కొట్టింది.

"తాగింది అరక్క కక్కుతోందన్నమాట. పాత కార్బురేటరే బిగించు. ముందు ఈ నడపావడని ఉతికి తీసుకురా" అని ఇంజనీరుని రేవుకి పంపారు.

గుంపస్వామి వెనకే నడుస్తూ నెమ్మదిగా చెప్పాడు. "బాబూ, నా పొయ్యి మాత్రం వెలిగించకండి. మళ్లీ మసంతా దాని మీదకే వస్తుంది."