జామాయిల్ చిగురూ నక్క ముక్కూ

"'ఆ జామాయిల్ మోడుల్ని తొక్కి పారెయ్, లేకపోతే ఎండాకాలం వాగులో నీకు చుక్క మిగలదు' అని నక్క బావ చెప్పాడు. నేను తొక్కుతా," అంది బర్రె.

చుక్కల కోడిపెట్ట రెక్కలు చాపి అడ్డం నిలబడింది. "తొక్కు వదినా. ముందు నన్ను తొక్కి, తర్వాత చిగుళ్ళ మీదికి పో."

పోయిన చలికాలం రైతు ఆ జామాయిల్ తోట నరికి, గుంజలన్నీ బండికెత్తుకుపోయాడు. మోడులు మాత్రం వదిలేశాడు. జామాయిల్ నరికితే చచ్చే రకం కాదు మరి. వానలు పడగానే మోడు మోడుకీ గుత్తులుగా చిగుళ్ళు లేచాయి. పెట్ట తన పిల్లల్ని దాచుకునేది ఆ గుత్తుల్లోనే. ఇంతవరకు ఒక్క పిల్ల పోలేదు.

"అసలది మన ఊరి చెట్టే కాదు," అన్నాడు గట్టు మీంచి నక్క. "సముద్రం అవతల ఎక్కడో పుట్టింది. తాగుడెక్కువ."

"తాగుద్ది, నేను కాదన్లేదు," అంది పెట్ట. "మరి వదినా, కొట్టంలో దోమలు పీక్కుతింటుంటే నీకు పొగేసేది ఏ ఆకుతో? రైతుకి జలుబు చేస్తే మరిగించేది ఏ ఆకు?"

"ఇదే అనుకో. కానీ నీళ్ళు..." నీళ్ళ మాటొస్తే బర్రెకి ఇంకేదీ చెవికెక్కదు.

పెట్ట నక్క వంక చూసింది. వాగు కోసం ఇంత బాధపడేవాడు గట్టు దిగడేం? చిగుళ్ళ మీంచి గాలి అటు తిరిగితే చాలు, ముక్కు పక్కకి తిప్పుకుంటున్నాడు.

"సరే, పీకేద్దాం," అంది. "కానీ ఊళ్ళో కోతకి మొదటి కొడవలి పెద్దమనిషే వేస్తాడు. మొదటి చిగురు నువ్వే కొరకాలి బావా."

"నాకు పన్ను నొప్పమ్మా."

"లేత చిగురేగా," అంది బర్రె. "నువ్వు కొరకందే నేను కాలెయ్యను."

నక్క దిగాడు. కొరికాడు. ఘాటు నషాళానికెక్కింది. కళ్ళెంట ధార, తుమ్ము మీద తుమ్ము.

పెట్ట మెల్లగా కుర్రుమంది. పిల్లలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. "బావా, నా పిల్లలెక్కడున్నాయో చెప్పు చూద్దాం."

నక్క ఆత్రంగా నేలంతా వాసన చూశాడు. పిల్లలు అతని పొట్ట కిందే ఉన్నాయి, ఎండుటాకుల రంగులో కలిసిపోయి.

"ఈ కంపులో కోడిపిల్ల జాడ ఎట్లా తెలుస్తుంది? అందుకేగా తొక్కెయ్యమన్నాను," అని నోరు జారాడు.

బర్రె నెమ్మదిగా కొమ్ములు దించింది. "ఓహో. నీది వాగు బాధ కాదన్నమాట, ముక్కు బాధ."

నక్క తుమ్ముకుంటూనే గట్టు దాటాడు. బర్రె ఒక చిగురు వాసన చూసి, చీది, "వచ్చే ఏటికి నాకు నీడొస్తుందంటావా?" అంది. "పిల్లలకి ముందొచ్చింది, నీకూ వస్తుంది," అంది పెట్ట.

మీ మేలు కోరి మీ చెట్టు కొట్టెయ్యమని ఎవరైనా చెబితే, మీరు గొడ్డలి వెతుక్కుంటారా, ముందు వాళ్ళచేత ఒక ఆకు కొరికిస్తారా?