చుక్కమ్మ గంప ఎప్పుడు ఖాళీ?

పశువుల కొట్టం ఉన్న ఒక పెరట్లో చుక్కమ్మ అనే పెట్ట ఉండేది. వయసు మళ్లింది, గుడ్లు పెట్టడం ఆగిపోయింది. అలాంటి పెట్టను ఇంటి ఇల్లాలు ఎన్నాళ్లు మేపుతుందో పెరట్లో అందరికీ తెలుసు. చుట్టాలొచ్చేదాకా. చుక్కమ్మకేమో ఇంకా బోలెడు బతకాలని ఉంది. అందుకని ఏడుస్తూ కూర్చోకుండా ఒక పని ఆలోచించింది.

ఆ ఇంటి బాతులు గుడ్లయితే పెడతాయి గానీ వాటి మీద కుదురుగా కూర్చోవు. ఆ గుడ్లు తాను పొదిగిపెడితే? కొట్టం దాటి పోనక్కర్లేదు, ఉన్నచోటే వ్యాపారం. కొట్టానికి పెద్దయిన మైలెద్దు దగ్గరికెళ్లి, మూలనున్న పాత గంప ఇమ్మని అడిగింది.

మైలెద్దు నెమరు ఆపి చూసింది. "ఇస్తానమ్మా. కానీ రేపు నలుగురిలో నాకు మాట రాకూడదు. ఏం చేస్తావు, ఎలా చేస్తావు, తేడా వస్తే ఏం చేస్తావు, అంతా రాసి చూపించు. కూర్చుని చేసే పనికైనా ఒక పద్ధతుండాలి."

చుక్కమ్మ పెరటి దుమ్ములో కాలితో రాయడం మొదలుపెట్టింది. కంచె అవతల నుంచి నక్క నవ్వింది.

"ఏంటత్తా ఆ కెలుకుడు? బిజినెస్ ప్లానంటే అలాగా రాసేది? జరుగు, నేను రాసిపెడతాను. ఊరికేలే, ఏమీ ఇవ్వక్కర్లేదు."

"ఊరికే ఎందుకు అల్లుడూ?"

"పెద్దదానివి. ఆ మాత్రం చేయకపోతే ఎలా?" అంటూ నక్క కంచె కింద నుంచి దూరి వచ్చి, పుల్ల అందుకుంది. "కస్టమర్లెవరు?"

"బాతులు."

"ధర?"

"పిల్లలు బయటికొచ్చాక పూటపూటా నత్తలు తెచ్చిస్తాయి."

"సరే సరే. చోటు?"

"కొట్టంలో, కిటికీ కింద."

"పనివేళలు?"

"పగలూ రాత్రీ. గుడ్లు చల్లారకూడదు కదా."

నక్క పుల్ల ఆగిపోయింది. "మరి నీ తిండి? ఏదో ఒక వేళ గంప దిగుతావుగా. అది రాయకపోతే ప్లాను ప్లానే కాదత్తా. ఎప్పుడు దిగుతావు? అప్పుడు దగ్గర ఎవరుంటారు? కుక్క ఎటు పోతుంది?"

చుక్కమ్మ తలెత్తి చూసింది. ధర మాట సగం చెవితో విన్నవాడు ఖాళీ గంప సంగతికొచ్చేసరికి పెదాలు తడుపుకుంటున్నాడు. చుక్కమ్మకు ఒళ్లు మండింది. ఈ పని చెడితే తనకు మిగిలేది కూర గిన్నె. దాన్ని తప్పించుకునే ఒక్క దారినీ వీడి నోట్లో పెట్టేది లేదనుకుంది.

"రాసుకో అల్లుడూ," అంది నెమ్మదిగా. "మిట్టమధ్యాహ్నం. అందరూ కునుకు తీస్తారు. అటువైపు ఎవరూ రారు."

నక్క ఆ ముక్క రాసి, కింద గీత కూడా గీసి, చక్కా పోయింది. చుక్కమ్మ రెండు కాళ్లతో ఆ రాతంతా చెరిపేసి కర్రెన్న కుక్క దగ్గరికెళ్లింది.

"కర్రెన్నా, మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటావు?"

"ఎక్కడ నీడుంటే అక్కడ."

"నా గంప వెనక గడ్డిలో పడుకో. పిల్లలు కాని గుడ్లన్నీ నీవే."

కర్రెన్న తోక ఊపింది. ఒప్పందం కుదిరింది.

సాయంత్రానికి చుక్కమ్మ తన ప్లాను తానే రాసి అందరికీ చదివి వినిపించింది. అంతా విని ఒక ముసలి బాతు మెడ సాచింది. "పిల్లలు నీళ్లలోకి దిగుతాయి వదినా. గట్టున నువ్వు గోల పెడితే అవి బెదరవూ?"

"చివర రాశాను చూడు. నీళ్ల అంచుదాకా నా పని, ఆ తర్వాత మీది."

"గంప తీసుకోమ్మా," అంది మైలెద్దు.

బాతులు ఆ గంపలోనే గుడ్లు పెట్టాయి. చుక్కమ్మ పొదగడానికి కూర్చుంది. రోజూ పొద్దున పాలు పితికే వేళ, పెరడంతా సందడిగా ఉన్నప్పుడు దిగి, గబగబా నాలుగు గింజలు తిని, మట్టిలో పొర్లి, మళ్లీ ఎక్కేది.

ఒక మధ్యాహ్నం నక్క కిటికీలోంచి దూకి నేరుగా గంపలో మూతి పెట్టింది. ముక్కు మీద ఠపీమని ఒక్క పోటు పడింది.

"పనివేళలోనే వచ్చావల్లుడూ," అంది చుక్కమ్మ.

వెనక గడ్డి కదిలింది. నక్క కంచె దాటేసరికి దాని తోకలో సగం బొచ్చు కర్రెన్న పళ్ల మధ్య ఉండిపోయింది.

పిల్లలు వచ్చాయి. నీళ్లు కనబడగానే వరసకట్టి దిగాయి. చుక్కమ్మ ప్రాణం వాటి వెంటే పోయింది, కాళ్లు మాత్రం తాను రాసుకున్న అంచు దగ్గరే ఆగాయి. ఆ వరస చూసిన ఇల్లాలు కొట్టంలో ఇంకో గంప తెచ్చి పెట్టింది. ఆ వారమే చుట్టాలొచ్చారు. వాళ్లకు గుత్తివంకాయ కూర వండింది.

కంచె అవతల నుంచి నక్క గొణిగింది. "నేను రాసిందంతా మార్చేశావా అత్తా?"

"ఇల్లు నాది, పని నాది. రాత మాత్రం నీదెందుకు?" అంటూ చుక్కమ్మ కొత్త గంప ఎక్కింది.

నీతి: మన పనికి ప్లాను మనమే రాసుకోవాలి, ఊరికే రాసిపెడతానని వచ్చినవాడు ఏ ప్రశ్న దగ్గర ఆగుతాడో కనిపెట్టాలి.