మైనా ఫోను, రెండో వలయం

తులసమ్మగారిని ఏదడిగినా వెంటనే జవాబు చెప్పరు. తుని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక, ఆవిడ తన ఇంటి ముందుగదిలో ఆడపిల్లలకు సెల్‌ఫోను రిపేరు నేర్పుతున్నారు. వైరుకు వేసిన సోల్డరింగు అతుకు ఎందుకు నిలవడం లేదని అడిగితే, ఒక పాత చార్జరు చేతిలో పెట్టి విప్పమంటారు. మాతో నేర్చుకునే పిల్ల ఒకతె, నాకు ఈ పని వస్తుందా టీచరుగారూ అని అడిగితే, ఆమె చేత అందరికీ టీ పెట్టించి, తాగి, బాగుంది అని ఊరుకున్నారు. ఆ పిల్ల ఇప్పటికీ వస్తోంది. జవాబు ఏమిటో ఆమెకూ తెలియలేదు, మాకూ తెలియలేదు.

నా ప్రశ్న అంతకంటే పెద్దది. అడగడానికి ముందు నెల రోజులు కడుపులో పెట్టుకుని తిరిగాను. నేను బళ్ళో చదివింది తక్కువ. ఫోను లోపల ఏది ఎలా నడుస్తుందో, ప్రోగ్రాములు ఎలా రాస్తారో వీడియోలు చూసుకుంటూ ఒంటరిగా నేర్చుకున్నాను. అందుకేనేమో, మైనా అనే ఫోను బజారులోకి వచ్చినప్పుడు అది మా ఇంటి మనిషిలా అనిపించింది. అందరి చేతుల్లోనూ ఉండే ఫోన్ల లోపల నడిచేవి రెండు పెద్ద కంపెనీల వ్యవస్థలు. మైనా ఆ రెంటిలోనూ చేరదు, దాని నడక దానిదే. చార్జింగు మూడు రోజులు నిలుస్తుంది, కింద పడితే పగలదు, తెర కింద నాలుగు గట్టి బటన్లు ఉంటాయి. ఆ కంపెనీవాళ్ళు బస్సు కాంప్లెక్సు ఎదురుగా ఒక కౌంటరు పెట్టి నన్ను కూర్చోబెట్టారు. ఎనిమిది నెలల్లో ముప్పై ఒక్క ఫోన్లు అమ్మాను. ఇరవై ఆరు వెనక్కి వచ్చాయి. రాజమండ్రి నుంచి వచ్చిన మేనేజరు, కార్తీకం వెళ్ళేలోగా ఊళ్ళో ఇరవై మంది చేతుల్లోనైనా మైనా కనిపించకపోతే కౌంటరు ఎత్తేస్తామని మర్యాదగానే చెప్పి వెళ్ళారు. ఎత్తేస్తే నేను పెద్దాపురం వెళ్ళి మా పిన్ని కుట్టుమిషను పక్కన కూర్చోవాలి. అది చెడ్డ పనేం కాదు. నాకు ఇష్టం లేదు, అంతే.

తిరిగి తెచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా ఫోను బాగోలేదని అనలేదు. బాగుందమ్మా, కానీ మావాళ్ళెవరూ ఇందులో లేరు అన్నారు. పెళ్ళి ఫొటోలు ఇందులోకి రావు, పిల్లల బడి కబురు ఇందులోకి రాదు, దుబాయిలో ఉన్న మనిషి ముఖం ఇందులో కనపడదు. ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. కౌంటరు మీద మైనాను పెట్టుకుని నేను పొగుడుతున్నంతసేపూ నా చేతిసంచిలో ఇంకో ఫోను ఉండేది. మా ఇంట్లోవాళ్ళంతా అందులోనే ఉన్నారు మరి.

ఒక శుక్రవారం పాఠం అయ్యాక అడిగేశాను. ఇంత మంచి ఫోను నూటికి ఒక్కరి చేతిలో కూడా లేదు, ఎప్పటికైనా నూటికి పదిమంది దాకా వెళ్తుందా, లేకపోతే నేను ఇప్పుడే మానుకోవడం మంచిదా అని. నిజానికి నాకు కావలసింది జవాబు కాదు. వెళ్తుంది అన్న మాట ఆవిడ నోట వినాలని ఉంది. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి, "సాయంత్రం కోలాటానికి వస్తావుగా. వీడియోలో చూసి ఏదో కొత్త అడుగు నేర్చుకున్నానన్నావు. ఇవాళ అది వెయ్యి" అన్నారు.

మా కోలాటం జట్టును నడిపేది కూడా ఆవిడే. పదహారు మందిమి, పౌర్ణమి ఊరేగింపు కోసం సాయంత్రాలు బడి ఆవరణలో సాధన చేస్తున్నాం. మా పాత అడుగులో నాలుగో దెబ్బకి ఎగిరి పక్క జోడీ దగ్గరికి మారాలి. నేను నేర్చుకున్న దాంట్లో ఎగరడం లేదు. ఉన్నచోటే ఒక చుట్టు తిరిగి, ఎవరి జోడీతో వాళ్ళు మళ్ళీ కోలలు కలపాలి. చూడ్డానికి అందంగా ఉంటుంది, ఆయాసం రాదు. పాతదాని కంటే ఇదే మంచిదని నాకు రవ్వంత అనుమానం కూడా లేదు. టీచరుగారు ఈల ఊదారు. నాలుగో దెబ్బకి పదిహేను మందీ ఎగిరారు, నేను తిరిగాను. నా జోడీ అప్పటికే వెళ్ళిపోయింది. ఆమె చోట్లోకి ఎగిరి వచ్చిన నూకరత్నం కోల నా కోల కోసం చూసి, అది అక్కడ లేకపోయేసరికి నా ఎడమచేతి వేళ్ళ మీద దిగింది. వెనకవాళ్ళు వచ్చి మా మీద పడ్డారు. నూకరత్నం మా ఎదురింటి కోడలు, మాట దాచుకునే మనిషి కాదు.

"నీ ఒక్కదానికే వచ్చిన అడుగు మా మధ్యలో ఎందుకే తల్లీ? అద్దం ముందు వేసుకో" అంది.

అందరూ నవ్వారు. మళ్ళీ అందరం పాత అడుగే వేద్దామని కూడా అక్కడే తేల్చేశారు. టీచరుగారు నా వేళ్ళు పట్టి చూసి, విరగలేదులే అని, అరుగు వైపు నడిచారు. అక్కడ మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళ కిందట ఆట మానేసిన నలుగురు ఆడవాళ్ళు రోజూ వచ్చి కూర్చుంటారు. ఆడకపోయినా జట్టు రంగు చీరే కట్టుకుని వస్తారు. వాళ్ళను లేపి, నా అడుగు వాళ్ళకు నేర్పమన్నారు. ఎగిరే పని లేదంటే మొదట వాళ్ళు నమ్మలేదు. ఎగరకపోతే అది కోలాటం ఎలా అవుతుంది, పేరంటం అవుతుంది అంది అందరిలోకీ పెద్దావిడ. అరగంటలో నలుగురూ ఆడుతున్నారు. నలుగురికీ ఒకే అడుగు కాబట్టి ఒక్క దెబ్బ కూడా తప్పిపోలేదు. పక్కనే పెద్ద వలయం తన పాటికి తను ఎగురుతూనే ఉంది. ఫోను గురించి అడిగితే టీచరుగారు వేళ్ళు వాయగొట్టించి పంపారని ఇంటికి వెళ్ళేదాకా గొణుక్కున్నాను.

సోమవారం కౌంటరు దగ్గరికి లోవతల్లి అనే ఆవిడ వచ్చింది. తమలపాకుల షెడ్డులో ఆకు ఎంచి కట్టలు కట్టే పని ఆమెది. ఆకు వాడిపోకుండా రోజంతా నీళ్ళు చల్లుతూ ఉంటారు కాబట్టి అక్కడ పొడిచెయ్యి అనేది ఉండదట. తడివేలు పెడితే తన ఫోను తెర పలకదని, చీరకు తుడుచుకుని తుడుచుకుని కొంగు నానిపోతోందని చెప్పింది. కూజాలో నీళ్ళు చేతిమీద ఒంపుకుని మైనా బటన్లు నొక్కి చూసింది. ఇదేదో నొక్కితే నొక్కినట్టుందే, ఒకటి ఇవ్వు అంది. నా చెయ్యి పెట్టె మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఈ ఒక్కటీ ఇస్తే పది రోజుల్లో వెనక్కి వచ్చిన ఇరవై ఏడోది అవుతుంది. వాచిన వేళ్ళు నా కళ్ళ ముందే ఉన్నాయి, ఒక్క దెబ్బా తప్పకుండా ఆడిన ఆ నలుగురూ గుర్తొచ్చారు.

"ఒక్కటి ఇవ్వనండి" అన్నాను.

అమ్మడానికి కూర్చుని అమ్మనంటావేంటమ్మా, పొద్దున ఏమైనా తిన్నావా అని అడిగింది ఆమె. పనిలో ఉన్నప్పుడు మీరు ఎవరెవరితో మాట్లాడతారో చెప్పండి అన్నాను. వేళ్ళు మడిచి చెప్పింది. షెడ్డులో తనతో కలిపి తొమ్మిదిమంది, తోటలో ఆకు కోసేవాళ్ళు ముగ్గురు, బుట్టలు రైలెక్కించే మేస్త్రి. ఆ పదమూడు మందీ తీసుకుంటే ఇస్తాను, లేకపోతే వద్దన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. ఆ రోజంతటికీ వచ్చిన బేరం ఆమె ఒక్కతే. ఇంక పెద్దాపురం బస్సు టైము కనుక్కోవడమే మిగిలిందనుకున్నాను.

మూడో రోజున లోవతల్లి ఆరుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. మిగతావాళ్ళేరీ అంటే, అందరం ఇక్కడికొస్తే ఆకు ఎవరు కడతారు అంది. పదమూడు ఫోన్లూ సంచిలో వేసుకుని నేనే షెడ్డుకు వెళ్ళి, ఇచ్చి, అందరికీ నేర్పాను. మొదటి బటన్ నొక్కి పట్టుకుని, తెల్లాకు రెండు బుట్టలు తక్కువొచ్చింది అని షెడ్డులో అంటే తోటలో ఉన్న ముగ్గురికీ వినపడుతుంది. మేస్త్రి స్టేషనులో నిలబడి, బండి అరగంట లేటు, ఆకు నీడన పెట్టండి అంటే షెడ్డంతా వింటుంది. పెళ్ళి ఫొటోలూ బడి కబుర్లూ రావని నేను ముందే చెప్పాను. వాటికి ఇంట్లో ఫోను ఉందిగా, ఇది ఆకు ఫోను అని తేల్చేసింది లోవతల్లి. కంపెనీ ఎంతో ఆలోచించి పెట్టిన పేరు ఆ షెడ్డులో ఆ పూటకే పోయింది.

కార్తీకం చివరి వారంలో మేనేజరు వచ్చారు. పాతవి ఐదు, ఇవి పదమూడు, మొత్తం పద్దెనిమిది. ఇరవై కాలేదు, నేను అబద్ధం చెప్పలేదు. షెడ్డుకు తీసుకెళ్ళి చూపించాను. ఆయన చాలాసేపు నిలబడి విన్నారు. తడిచేతులతో ఒకరి తరవాత ఒకరు బటన్లు నొక్కుతున్నారు, తోట వాళ్ళు ఇటు నుంచి వచ్చిన మాటకు ఎగతాళిగా బదులిస్తున్నారు, ఇక్కడివాళ్ళు నవ్వుతున్నారు. సారూ, ఆకు మీద నిలబడ్డారు, కాస్త పక్కకు జరగండి అంది ఒకావిడ. జరిగారు. ఈ నెలలో ఎన్ని వెనక్కి వచ్చాయని అడిగితే ఒక్కటీ లేదన్నాను. అక్కడి నుంచే పైవాళ్ళతో ఫోనులో మాట్లాడి, ఇంకో మూడు నెలలు చూద్దాం అని నాకు చెప్పి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నేను ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా కోలాటం దగ్గరికి వెళ్ళాను.

ఊరేగింపు అయిపోయినా సాధన మానలేదు. ఎగరని వలయంలో అప్పటికి ఎనిమిదిమంది అయ్యారు. నూకరత్నం మాత్రం పెద్ద వలయంలోనే ఎగురుతోంది. టీచరుగారికి జరిగిందంతా చెప్పాను. ఆవిడ సంతోషించారని ఈల పక్కన పెట్టడంలోనే తెలిసింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నాకు ఊరుకోవడం చేతకాదు. ఊళ్ళో అర లక్షమంది ఉన్నారు, మనవాళ్ళు పద్దెనిమిది మందే, నూటికి పదిమంది ఎప్పటికవుతారు టీచరుగారూ అని మళ్ళీ అడిగాను.

"ఊరంతటి లెక్క నీకెందుకే" అన్నారు ఆవిడ. "ఒకరికొకరు సరిపోయేంతమంది ఉన్నారా లేదా, అది చెప్పు."