అడగని చుక్క

ఒక గుట్ట మీద ఒక పేట ఉండేది. వానాకాలం వస్తే పేటంతా బురదే. జారిపడని మనిషి లేడు. ముగ్గుల ముసలమ్మ కిందటి వానలకి ఊటగడ్డ దగ్గర పడింది. అప్పట్నుంచి ఆవిడ కుడి మోకాలు ఆవిడ మాట వినదు.

ఆ పేటకి రాళ్ళబాట వేయిస్తానన్నాడు రాజు. రాజుగారి మనిషి వచ్చి కళ్ళంలో నిలబడ్డాడు.

"బాట ఎటు పోవాలో మీరే చెప్పండి. గడపకొకరు వచ్చి చుక్క పెట్టండి. చుక్కలన్నీ కలుపుతూ ఒకటే గీత. బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. పొద్దుగూకే లోపల కలిస్తే రాళ్ళు మీవి. కలవకపోతే ఈ రాళ్ళ బండ్లు పక్క పేటకి పోతాయి," అన్నాడు.

అందరూ ముసలమ్మ వైపు తిరిగారు. ఆవిడ వేసిన ముగ్గు తినడానికి చీమలు కూడా జంకుతాయని పేటలో ఒక మాట ఉంది. ఆ మాట మొదట అన్నది ఆవిడే.

కళ్ళాపి చల్లించింది. "పలచన. మళ్ళీ చల్లండి," అంది. చల్లారు. కళ్ళాన్నే గుట్ట అనుకోమని చెప్పి, ఊట ఎక్కడో, వాలు ఎక్కడో, ఎవరి ఇల్లు ఎక్కడో గీసి చూపించింది.

నేతాయన తన గడప ముందు చుక్క పెట్టాడు. కుండలామె తన వాకిట్లో పెట్టింది. చూపులేనాయన తడుముకుంటూ వచ్చి తన అరుగు ముందే పెట్టించుకున్నాడు. ముసలమ్మ చుక్క ఆవిడ గుమ్మానికి ఆనుకునే ఉంది.

మేకలాయన రాలేదు.

ఆయన మేక ఒకసారి ముసలమ్మ చిక్కుడుపాదుని మొదలంటా మేసింది. "నోరులేని జీవం కదా," అన్నాడే గాని తప్పయిందనలేదు. ఆ పాదు మళ్ళీ చిగిర్చింది, ఎన్నిసార్లో కాసింది. ఆ ఇద్దరి మధ్యా మాట మాత్రం మొలవలేదు.

"మేకలాయన్ని పిలవొద్దా పెద్దమ్మా?" అంది కుండలామె.

"కాళ్ళున్నాయిగా, వస్తాడు. ఆ కొంపలో నాలుగేసి కాళ్ళవాళ్ళు కూడా ఉన్నారు," అంది ముసలమ్మ.

గీత మొదలుపెట్టింది. పాములా చక్కగా మెలికలు తిరిగి వాలు దగ్గరకొచ్చి ఆగింది. అక్కడ చుట్టి రావడానికి చుక్క లేదు. చెరిపి మళ్ళీ లాగింది. మళ్ళీ అక్కడే తెగింది. పొద్దు వాలుతోంది. బండ్లవాళ్ళు ఎడ్లను కాడికి కడుతున్నారు.

ముసలమ్మ పళ్ళు నూరింది. ఆ వాలులోనే ఉన్న మేకల దొడ్డి ముందు తానే ఒక చుక్క పెట్టేసి గీత కలిపేసింది. పేటంతా ఒక్క కేక వేసింది.

ఆ కేకకి మేకలాయన వచ్చాడు.

"దొడ్డి ముందు ఆ చుక్క ఎవరిది?"

"నీదేగా అన్నా!" అంది కుండలామె.

"నేను పెట్టలేదే. నన్నడిగిందెవరు?"

"గీత కలిసింది, పోనివ్వండి," అన్నాడు రాజుగారి మనిషి. జనం కూడా ఊరుకోవయ్యా అన్నారు.

ముసలమ్మ ముగ్గు చూసుకుంది. ఎక్కడా వంకర లేదు. అయినా తన చేతి పని తనకే వెగటయింది.

"అడగని చుక్క దొంగ చుక్క," అంది. వంగి అరచేత్తో చెరిపేసింది. పిండిగిన్నె మేకలాయన ముందుకి చాపింది. "చెప్పు మరిదీ. ఎక్కడ?"

మేకలాయన దొడ్డి వైపు చూడనేలేదు. పోయి ఊటగడ్డ దగ్గర పెట్టాడు. "మనుషులూ మేకలూ జారేది ఇక్కడే, వదినా."



"అయితే నాదీ జరుపు పెద్దమ్మా. నా వాకిట్లో జారిందెవరు గనక?" అంది కుండలామె. చూపులేనాయన తనది మలుపులోకి మార్చమన్నాడు. నేతాయన తనది వాగు ఒడ్డుకి పట్టుకుపోయాడు.

"ఈ బుద్ధి పొద్దున్నే ఏమయింది? నా నడుము ఇనుముతో చేసిందనుకున్నారా?" అని తిడుతూనే ముసలమ్మ ముగ్గంతా చెరిపింది. మళ్ళీ కళ్ళాపి చల్లించింది. తన చుక్కని కూడా గుమ్మం ముందునుంచి తీసి, ఎక్కడ పెట్టిందో ఎవరికీ చెప్పలేదు. గీత ఈసారి ఎక్కడా ఆగలేదు. ఎండ ఇంకా గుట్ట కొసన ఉండగానే కలిసింది.

రాజుగారి మనిషి చుట్టూ తిరిగి చూశాడు. ఒక్క గడప ముందూ చుక్క లేదు.

"అవ్వా, ఇందులో ఎవరి చుక్క ఏదో చెప్పు. రాజుగారు అడుగుతారు."

ముసలమ్మ వంగి చూసింది. అటు పోయి చూసింది, ఇటు వచ్చి చూసింది. చుక్కలన్నీ గీతలో కలిసిపోయి, మేకలాయనది ఏదో, తనది ఏదో ఆనవాలు చిక్కలేదు.

"రాజుగారినే వచ్చి నడిచి చూసుకోమను నాయనా," అంది.