రెక్కలు రొప్పే కొమ్ముముక్కు పిట్ట

ఒకప్పుడు కొమ్ముముక్కు పిట్ట ఎగిరితే పక్కనున్న ఆకుకి కూడా తెలిసేది కాదు. అంత మెత్తని రెక్కలు. ముక్కు మాత్రం బారెడు, దాని మీద మళ్లీ ఒక కొమ్ము.

మన్యం అడవిలో అలాంటి జంట ఒకటుండేది. మగపిట్ట సూరన్న, ఆడపిట్ట పైడి. ఏటా పైడి చెట్టు తొర్రలో గుడ్లు పెట్టడం, ఇద్దరూ మేతకెళ్లి వచ్చేసరికి ఉడుము తినిపోవడం. ఏడ్చి ఏడ్చి వాళ్లకి ఓపిక పోయింది. కనడందేముంది నాయనా, కాచుకోవడమే చాకిరీ.

ఆ ఏడు పైడి అంది, "ఇద్దరం ఎల్తే ఉడుము తింటాది. ఇద్దరం కూకుంటే ఆకలి తింటాది. నాను తొర్రలోనే ఉంటాను, బురదతో తలుపు మూసీ. నువ్వు మేత తే."

ముక్కు పట్టేంత సందు వదిలి తొర్ర మూసేశారు. లోపల పైడి తన ఈకలు రాల్చి గుడ్డుకి పక్క వేసింది. ఇక తను ఎగరలేదు. సూరన్న రాకపోతే తల్లీ పిల్లా ఇద్దరూ పోయినట్టే.

పిల్ల పుట్టింది. దాని ఆకలికి దగ్గర చెట్లన్నీ ఖాళీ అయ్యాయి. సూరన్న కొండ అవతలికి వెళ్లి, నోటినిండా మేడిపళ్లు నింపుకుని వచ్చేవాడు.

ఒక సాయంత్రం వానలో ఆలస్యంగా వచ్చి, చప్పుడు లేకుండా సందులో ముక్కు పెట్టాడు. ఉడుమే అనుకుని పైడి ఒక్క పోటు పొడిచింది. పళ్లన్నీ కింద బురదలో పడ్డాయి. పిల్ల పస్తు పడుకుంది.

"ఒక్క మాట పలకొచ్చు కదేటి?" అంది పైడి.

"నోటినిండా పళ్లుంటే ఏటి పలకను?"

పోట్లాడుకోవడానికి కూడా ఇద్దరికీ ఓపిక లేదు. పైడే అంది, "నీకు తిరిగి తిరిగి అలుపు. నాకు ఈ చీకట్లో నువ్వొస్తావో రావో అని అలుపు."

 సూరన్న తన రెక్కల కింది మెత్తని ఈకలు ఒక్కొక్కటే పీకి సందులోంచి లోపలికి అందించాడు. "చప్పుడు మింగేసేవి ఇయ్యే. పిల్లకి పరిచీ" అన్నాడు.

మర్నాడు కొండ అవతలినుంచే వినపడింది: హుఫ్, హుఫ్, హుఫ్. మిగిలిన ఈకల సందుల్లోంచి గాలి దూసుకుపోతోంది.

"మీ అయ్య వస్తన్నాడే" అని పైడి పిల్లని లేపింది.

అప్పటినుంచే కొమ్ముముక్కు పిట్ట ఎగిరితే రెక్కలు కొండ అవతలికి వినపడేలా రొప్పుతాయి. ఆ రొప్పు వినగానే చీకటి తొర్రలో పిల్ల నోరు తెరుస్తుంది.